రోళ్లు పగలని రోహిణి

1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం ఇంతగా తడిసిన మే నెల లేదు. ఎండ సాధారణం కంటే తక్కువ, వాన సాధారణానికి రెట్టింపు. కాగితం మీద 2025 మే చల్లగా గడిచిపోయిన నెల. కల్లంలో వడ్లు పోసుకుని కూర్చున్నవాళ్లకు అది ఎలా గడిచింది? అసలు మే నెలకు ‘సాధారణం’ అంటే ఏమిటి?

రోహిణి కార్తె మొదలై నాలుగు రోజులైంది. మామూలుగానైతే ఆ రోజుల్లో మా పెద్దపల్లి వైపు పొద్దున తొమ్మిది దాటితే వాడకట్టులో మనిషి అలికిడి ఉండదు. కుక్కలు కూడా బోరింగు కింద తడిమట్టిలో కడుపు ఆనించి పడుకుంటాయి. 2025లో ఆ రోజు నేను ఊళ్లో బస్సు దిగేసరికి ముసురు పట్టి ఉంది. తువాలు నెత్తిన వేసుకుని వడ్ల కొనుగోలు కేంద్రానికి నడిచాను. మా బాపు అక్కడే ఉన్నాడు. పది రోజులుగా పగలూ రాత్రీ అక్కడే ఉంటున్నాడు.

కుప్ప మీద పట్టా, పట్టా అంచుల మీద రాళ్లు. బాపు ఒక మూల రాయి జరిపి, పట్టా ఎత్తి, మోచేతి దాకా లోపలికి పెట్టి గుప్పెడు వడ్లు తీసి నా చేతిలో పోశాడు. వెచ్చగా ఉన్నాయి. తడిసిన వడ్లు గాలి తగలక కుప్పలో మగ్గితే అలా వేడెక్కుతాయి. కొన్ని గింజల మొన దగ్గర తెల్లటి మొలక, సూది మొనంత.

“మొన్న తేమ పదిహేడుకు దిగింది బిడ్డా. రేపు కాంటా పెడ్తమన్నరు. రాత్రి మళ్ల కొట్టింది” అన్నాడు. అంతే. ఎవరినీ ఏమీ అనలేదు. మొలక వచ్చిన గింజను గోటితో గిల్లి పారేసి, పట్టా సరిచేశాడు.

నెల ముగిశాక భారత వాతావరణ శాఖ లెక్క చెప్పింది. 2025 మే నెలలో దేశం మొత్తం మీద సగటున 126.7 మిల్లీమీటర్ల వర్షం కురిసింది. ఆ నెలకు సాధారణం 61.4. 1901 తరవాత మే నెలలో ఇంత వాన ఎన్నడూ లేదు. పగటి ఉష్ణోగ్రతల దేశ సగటు సాధారణం కంటే ఒకటిన్నర డిగ్రీలు తక్కువ. నైరుతి రుతుపవనాలు జూన్ 1న రావలసినవి మే 24నే కేరళను తాకాయి. 2009లో మే 23న వచ్చాక అంత ముందుగా రావడం అదే మొదలు. 26కల్లా ముంబై చేరి అక్కడి పాత రికార్డును చెరిపేశాయి. ఆ వారంలోనే రాయలసీమలోకి, తెలంగాణలోకి వచ్చేశాయి. అరేబియా సముద్రంలో ఏర్పడిన వాయుగుండం కొంకణ తీరాన్ని దాటింది. నాలుగైదు రోజులకే బంగాళాఖాతంలో ఇంకొకటి పుట్టింది. రెండు సముద్రాలూ ఒకేసారి లేచాయి. మధ్యలో మనం.

ఆ అంకెలు చదివిన పట్టణాల మిత్రులు కొందరు “ఈసారి ఎండాకాలమే తెలియలేదు” అన్నారు. వాళ్లన్నది నిజమే. బాపు చేతిలోని మొలక గింజ కూడా నిజమే. ఈ రెండింటికీ నడుమ ‘సాధారణం’ అనే మాట ఒకటి నిలబడి ఉంది. ఏటా ఎండాకాలంలో పత్రికల్లో రోజూ కనిపించే మాట. సాధారణం కంటే 3 డిగ్రీలు ఎక్కువ, సాధారణం కంటే 40 శాతం తక్కువ. తెలుగులో సాధారణం అంటే మామూలుగా జరిగేది. కనుక చదివేవాళ్లం అది మామూలు సంవత్సరం అనుకుంటాం. అక్కడే పొరపాటు పడుతున్నాం.

సాధారణం ఎలా తయారవుతుందో చూడండి. నేల నుంచి నాలుగడుగుల ఎత్తున, నాలుగు వైపులా వాలు చెక్కలున్న తెల్లటి పెట్టె ఒకటి. గాలి ఆడుతుంది, ఎండ లోపలికి రాదు. అందులో నాలుగు థర్మామీటర్లు. ఒకటి ఆ రోజు ఎక్కిన గరిష్ఠం దగ్గర ఆగి, విదిలించేదాకా కిందికి దిగదు. ఇంకొకటి రాత్రి దిగిన కనిష్ఠాన్ని గుర్తుపెట్టుకుంటుంది. మిగతా రెండింటిలో ఒకదానికి తడిగుడ్డ చుట్టి ఉంటుంది, గాలిలో తేమను లెక్కగట్టడానికి. పెట్టె బయట వర్షమాపకం. పొద్దున ఎనిమిదిన్నరకు ఒకరు వచ్చి అవన్నీ చదివి రాసుకుంటారు. పత్రికలో ‘నిన్నటి వర్షం’ అని వచ్చేది ఆ ఎనిమిదిన్నర నుంచి ఈ ఎనిమిదిన్నర దాకా కురిసింది. ఇలా రోజుకో అంకె చొప్పున నెలకు ముప్పై ఒకటి. అటువంటి మే నెలలు ముప్పై పోగుచేసి భాగిస్తే వచ్చేదే ఉష్ణోగ్రత సాధారణం. ఇప్పుడు వాడుతున్నది 1991 నుంచి 2020 వరకు. వర్షానికి ఇంకాస్త పొడుగు కాలం, 1971 నుంచి 2020 వరకు యాభై ఏళ్లు.

ఈ పనిని నేను తక్కువ చెయ్యను. సెలవు లేకుండా, పండగ లేకుండా, నూరేళ్లకు పైగా ఎవరో ఒకరు పొద్దున్నే లేచి వెళ్లి అంకె రాయబట్టే 1901 నుంచి ఇంత వాన లేదని ఈరోజు చెప్పగలుగుతున్నాం. ఆ రాతగాళ్ల పేర్లు మనకు తెలియవు. వాళ్ల రుణం తీరేది కాదు. నా బాధల్లా ఆ అంకెను మనం చదువుకుంటున్న తీరు గురించి.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఏదో ఒక ఊళ్లో మే నెల మొదటి పదిహేను రోజులూ పగలు 43 డిగ్రీలు కాసిందనుకోండి. పదహారో తేదీన గాలిదుమారం లేచి వాన పడి, అక్కడి నుంచి మిగిలిన పదహారు రోజులూ 36 దాటలేదనుకోండి. నెల సగటు 39.4 వస్తుంది. హైదరాబాద్ మే నెల సాధారణ గరిష్ఠం కూడా 39 డిగ్రీల చుట్టుపక్కలే. అంటే ఆ నెల సాధారణంగా గడిచిపోయినట్టే. ఆ పదిహేను రోజుల్లో అడ్డా మీద నిలబడిన కూలీకీ, రేకుల షెడ్డులో బాలింతకూ, బస్సు ఇంజను పక్కన కూర్చున్న డ్రైవరుకూ ఏమైందో ఆ సగటులో కనిపించదు. తరవాతి పదహారు రోజుల వానలో రాలిపోయిన మామిడి కాయ కూడా కనిపించదు.

ఇది ఊరికే వేసిన లెక్క కాదు. 2024 మే ఇంచుమించు ఇలాగే నడిచింది. మొదటి వారంలో తెలంగాణలో పలుచోట్ల 46 డిగ్రీలు దాటింది. 7వ తేదీ సాయంత్రం హైదరాబాద్‌ను కుండపోత ముంచెత్తింది. బాచుపల్లిలో కడుతున్న అపార్ట్‌మెంటు గోడ కూలి కూలీల షెడ్డు మీద పడింది. ఏడుగురు పోయారు. వేరే రాష్ట్రాల నుంచి పనికి వచ్చినవాళ్లు, వాళ్లలో ఒక పసివాడు. అదే నెల 26న ఈదురుగాలులు నాగర్‌కర్నూల్ వైపు ఇంకొందరిని పొట్టన పెట్టుకున్నాయి. వడగాలి, కుండపోత, గాలివాన, అన్నీ ఒకే మేలో. ముప్పై ఒకటితో భాగిస్తే ఏమి మిగులుతుంది?

2015 సంగతి మరచిపోలేం. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో అకాల వర్షాలు పడ్డాయి. మే 20 దాటాక వాయవ్యం నుంచి పొడిగాలి తిరిగింది. రాజస్థాన్ ఎడారి మీదుగా వచ్చే గాలి అది. పది పన్నెండు రోజులు విడవకుండా వీచింది. కోస్తాలో మధ్యాహ్నం తిరగాల్సిన సముద్రపు గాలి తిరగలేదు. ఉష్ణోగ్రతలు 46, 47 డిగ్రీలకు చేరాయి. ఆంధ్రప్రదేశ్‌లో చనిపోయినవాళ్ల సంఖ్య వెయ్యి దాటింది. తెలంగాణలో వందల్లో పోయారు. దేశం మొత్తంలో ఆ ఏడాది వడదెబ్బ మృతుల్లో ఎక్కువమంది తెలుగువాళ్లే. ఉపాధి పనికి పోయినవాళ్లు, మేకల వెంట పోయినవాళ్లు, ఇంట్లో ఒంటరిగా ఉన్న ముసలివాళ్లు. చావులన్నీ ఆ కొద్ది రోజుల్లోనే. ఆ ఏడు కేరళకు రుతుపవనాలు జూన్ 5న గానీ రాలేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. తెలుగునేల మీద, అందులోనూ కోస్తాలో, ఎండ ముదిరేది మే చివర, జూన్ మొదట్లో. అటు కేరళ వైపు పడమటి గాలి బలపడుతుంది. కనుమలు ఎక్కేటప్పుడే తేమంతా వానగా కురిపించేసి, ఇటువైపు ఎండిపోయి దిగుతుంది. దిగేకొద్దీ వేడెక్కి, దక్కను పీఠభూమి మీది సెగను కూడా మోసుకుని కృష్ణా, గుంటూరు, నెల్లూరు మీద పడుతుంది. రుతుపవనం వాకిట్లో నిలబడి లోపలికి రాకుండా ఆగినన్నాళ్లూ ఈ పడమర గాలిదే రాజ్యం. హైదరాబాద్ బేగంపేటలో నమోదైన అత్యధిక ఉష్ణోగ్రత 45.5 డిగ్రీలు. అది మేలో వచ్చింది కాదు, 1966 జూన్ 2న వచ్చింది. అంటే సరిగ్గా రోహిణిలో.

మన పెద్దలు నెలను నమ్ముకోలేదు, కార్తెను నమ్ముకున్నారు. భరణి, కృత్తిక, రోహిణి, మృగశిర. ఒక్కోటి పదమూడు, పద్నాలుగు రోజులు. మే నెల మూడు ముక్కలుగా వాళ్లకు కనబడేది. భరణి ఎండ వేరు, కృత్తిక ఎండ వేరు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయన్నారు. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు కూడా రంకె వేస్తుందన్నారు. ఆ మాటల్లో అంకె లేదు కానీ వరస ఉంది. ముందు కాలాలి, తరవాత తడవాలి. కాలిన నేలకు వాన పడితేనే దుక్కి పులుస్తుందని మా నాయనమ్మ అనేది. వేసవి దుక్కి దున్ని వదిలేస్తే ఆ ఎండకు నేలలోని పురుగుల కోశాలు, కలుపు వేళ్లు మాడిపోతాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు కూడా చెబుతారు. రోహిణిలో ఎండ కాయాల్సిందే, దానికీ ఒక పని ఉంది.

2025లో తప్పింది ఆ వరస. రోహిణి, మృగశిర పనిని ముందే ఎత్తుకుంది.

వర్షం సాధారణం ఇంకా చిత్రమైనది. తెలుగు రాష్ట్రాల్లో మే నెల సాధారణ వర్షపాతం కొన్ని పదుల మిల్లీమీటర్లే. తెలంగాణకు జులైలో రెండు వందలు దాటుతుంది. కాబట్టి మేలో ‘సాధారణం కంటే నూరు శాతం ఎక్కువ’ అన్న వార్త వెనక ఒక్క సాయంత్రం కొట్టిన గంటసేపటి వాన ఉండవచ్చు. అయినా ఆ గంట చిన్నది కాదు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు. ముప్పై మిల్లీమీటర్లు పడితే ఎకరం నేల మీద లక్షా ఇరవై వేల లీటర్లు. ఆ ఎకరంలో సగం వడ్ల కుప్పలుంటే ఆ నీళ్లు ఎటు పోతాయో కల్లం చుట్టూ పారతో కాలువ తీసుకున్న ప్రతి రైతుకూ తెలుసు.

పైగా ఆ సాధారణం వెనక తుపాన్లు దాగి ఉన్నాయి. కోస్తాంధ్రకు మే నెల తుపాన్ల నెల కూడా. 1979 మేలో ఒంగోలు ప్రాంతం, 1990 మే 9న కృష్ణా నది మొగ, 2010 మే 20న బాపట్ల దగ్గర లైలా, 2022 మే 11న మచిలీపట్నం, నరసాపురం మధ్య బలహీనపడి తీరం చేరిన అసని. 1990 తుపాను తొమ్మిది వందల మందికి పైగా ప్రాణాలు తీసింది. ముందుగా జనాన్ని తరలించబట్టి ఆ సంఖ్య అక్కడ ఆగింది. తుపాను వచ్చిన ఏడు ఆ జిల్లాల్లో మే వర్షం కొండెక్కుతుంది. రాని ఏడు నేల నోరు తెరుచుకుని ఉంటుంది. అన్నిటినీ కలిపి భాగిస్తారు.

మళ్లీ చిన్న లెక్క. ఒక మండలంలో తొమ్మిదేళ్లు మేలో పదేసి మిల్లీమీటర్లు పడింది. పదో ఏడు తుపాను వచ్చి 210 పడింది. పదేళ్ల సగటు 30. ఇప్పుడు ఆ తొమ్మిదేళ్లలో ప్రతి ఏడూ సాధారణం కంటే 67 శాతం తక్కువే. వాతావరణ శాఖ కొలమానంలో 60 శాతానికి మించి తగ్గితే అది తీవ్ర లోటు. పదో ఏడు 600 శాతం అదనం. సాధారణానికి అటూ ఇటూ 19 శాతం లోపల ఉంటేనే సాధారణ వర్షం అంటారు. ఆ పదేళ్లలో అటువంటి ఏడు ఒక్కటీ లేదు. సాధారణం అన్న సంవత్సరం ఆ మండలానికి ఎప్పుడూ రాలేదు. కాగితం మీద మాత్రమే ఉంది.

ఎండకు ఉన్న కొలతలు కొంత మేలు. వాతావరణ శాఖ వడగాల్పు అనాలంటే మైదానంలో కనీసం 40 డిగ్రీలుండాలి, సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు పెరగాలి. ఆరు పాయింట్ నాలుగు దాటితే తీవ్ర వడగాల్పు. సాధారణంతో పనిలేకుండా 45 చేరితే వడగాల్పు, 47 చేరితే తీవ్రం. తీరప్రాంతానికి గీత 37 దగ్గరే గీశారు. ఎందుకో మచిలీపట్నం నుంచి రామగుండానికి బదిలీ అయినవాళ్లను అడిగితే చెబుతారు. రామగుండంలో 43 డిగ్రీల్లో చెమట పట్టినట్టే తెలియదు, పుట్టిన వెంటనే ఆరిపోతుంది, ఒంటి మీద ఉప్పు మిగులుతుంది. బందరులో 38కే చొక్కా వీపుకు అతుక్కుంటుంది. గాలిలో తేమ నిండి ఉంటే చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. ఉక్కపోత అని మనం అనేది ఇదే. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ రేపు ఏ మండలంలో తీవ్ర వడగాల్పులు, ఏ మండలంలో వడగాల్పులు అని పేరుపేరునా చెబుతోంది. తెలంగాణలో వెయ్యికి పైగా స్వయంచాలక కేంద్రాలు ఊరూరా అంకెలు పంపుతున్నాయి. పదేళ్ల కిందటితో పోలిస్తే ఇది చాలా పెద్ద మార్పు. జిల్లా పేరు చెప్పి ఊరుకున్న రోజులు పోయాయి.

కానీ రాత్రుల మాట ఎవరూ పెద్దగా ఎత్తరు. పగలు 42 కాసినా రాత్రి 25కు దిగితే ఒళ్లు కోలుకుంటుంది. 31 దగ్గర ఆగిపోతే మరుసటి పొద్దుకు మనిషి అలసిపోయే లేస్తాడు. మా చిన్నప్పుడు వేసవి రాత్రులు వాకిట్లో నులక మంచాలు. నీళ్లు చల్లిన వాకిలి ఆవిరి వదిలి తొమ్మిదింటికల్లా చల్లబడేది. ఇప్పుడు ఊళ్లోనూ వాకిలి సిమెంటు, ఇల్లు స్లాబు. పగలంతా తాగిన ఎండను స్లాబు రాత్రి రెండింటి దాకా కక్కుతూనే ఉంటుంది. కరెంటు పోతే మేడ మీదికి పోదామన్నా కింద గచ్చు కాలుతుంది. పగటి గరిష్ఠం పత్రిక మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో వేస్తారు. రాత్రి కనిష్ఠం లోపలి పేజీ పట్టికలో ఉంటుంది. గుండె జబ్బున్న పెద్దవాళ్లకు ఆ రెండోదే ముఖ్యం.

కొలబద్ద కూడా కదులుతోంది. ఇదివరకు 1981 నుంచి 2010 వరకు ముప్పై ఏళ్లతో పోల్చేవాళ్లు. ఇప్పుడు పదేళ్లు ముందుకు జరిగి 1991 నుంచి 2020తో పోలుస్తున్నారు. ఇది ప్రపంచమంతటా ఉన్న పద్ధతే, తప్పుపట్టడానికి లేదు. అయితే 1901 నుంచి 2018 లోపల దేశ సగటు ఉష్ణోగ్రత దాదాపు 0.7 డిగ్రీలు పెరిగింది. పాత చల్లని ఏళ్లు లెక్కలోంచి జారిపోయి, కొత్త వేడి ఏళ్లు చేరుతున్నాయి. అలా పెరిగిన సాధారణంతో పోల్చినా 2024 సంవత్సరం దేశంలో 0.65 డిగ్రీలు ఎక్కువై, 1901 తరవాత అత్యంత వేడి సంవత్సరంగా నిలిచింది. పిల్లవాడు పెరుగుతున్నకొద్దీ గోడ మీద గీతను కూడా పైకి జరుపుతుంటే వాడు ఎంత పెరిగాడో ఎలా తెలుస్తుంది? నలభై ఏళ్ల కిందటి గీతను కూడా చెరపకుండా పక్కనే ఉంచాలి.

ఇదంతా గోదావరి ఒడ్డు అడవుల్లో తునికాకు కోసేవాళ్ల దగ్గర చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారకముందే ఇంటిల్లిపాదీ అడవికి పోతారు. లేత ఆకు, చిల్లు లేనిది, మచ్చ లేనిది చూసి కోయాలి. పది దాటకముందు ఇల్లు చేరి, నీడకు కూర్చుని యాభై ఆకులకొక కట్ట కడతారు. సాయంత్రం కల్లానికి తీసుకుపోయి అప్పజెబుతారు. అక్కడ కట్టలను ఇసుక మీద వరసలుగా పరిచి ఎండబెడతారు. ఒక పక్క ఎండిన తరవాత తిరగేస్తారు. ఆ ఆకుకు ఎండ కావాలి. కోసే మనిషికి ఆ ఎండే గండం. రాళ్లవాన పడితే చెట్టు మీద ఆకు చిరుగుతుంది, కల్లంలో ఆకు నల్లబడుతుంది. సాధారణం కంటే చల్లని మే వచ్చిందంటే ఆ ఇంటికి ఒంటి బాధ తగ్గింది, చేతికి డబ్బు కూడా తగ్గింది. ఏది మేలు అని వాళ్లను అడగడానికి నాకు నోరు రాదు.

మామిడి సంగతీ అంతే. బంగినపల్లి కాయ ముదిరి కోతకు వచ్చేది ఈ రోజుల్లోనే. కోతకు నాలుగు రోజులుందనగా ఈదురుగాలి వస్తే తోటంతా నేలరాలుతుంది. రాలిన కాయ దెబ్బ తగిలిన చోట నల్లబడి పండకముందే కుళ్లుతుంది. మార్కెట్లో దాన్ని రాలుడు కాయ కింద అడిగినంతకు ఇచ్చేసి రావాలి. తోట గుత్తకు తీసుకున్నవాడి ఏడాది పెట్టుబడి అరగంటలో పోతుంది. ఆ అరగంట గాలి ఏ నెలవారీ నివేదికలోనూ ఉండదు. అందులో వాన ఉంటుంది, ఎండ ఉంటుంది, గాలి ఉండదు.

కనుక నేను అడిగేది ఒక్కటే. మే నెల ముగిశాక మన రెండు రాష్ట్రాలకూ తెలుగులో ఒక నివేదిక రావాలి. సగటు ఎంత, సాధారణం ఎంత అని చెప్పి ఆగేది కాదు. మండలం వారీగా 40 దాటిన పగళ్లు ఎన్ని, రాత్రి ఉష్ణోగ్రత సాధారణానికి దిగకుండా ఉన్న రాత్రులు ఎన్ని, విడవకుండా ఎన్ని రోజులు కాసింది, విడవకుండా ఎన్ని రోజులు వడ్లు ఆరబెట్టుకునే వీలు లేకుండా పోయింది, గాలి ఏ వేగంతో ఏ రోజు కొట్టింది, పిడుగులు ఎక్కడ పడ్డాయి, వడదెబ్బకు ఎవరు ఏ పనిలో ఉండగా పడిపోయారు. దీనికి కావలసిన అంకెలు చాలావరకు ఇప్పటికే ఎక్కడో ఒకచోట ఉన్నాయి. మన ఊరి యంత్రం గంట గంటకూ పంపుతూనే ఉంది. పోగుచేసి జనం చేతికి ఇవ్వడమే మిగిలింది.

వడదెబ్బ చావుల లెక్క మరీ అవసరం. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలిని, వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. అంతకుముందు 50 వేలే ఉండేది. మంచి నిర్ణయం. కానీ ఆ డబ్బు అందాలంటే అది వడదెబ్బే అని తేలాలి. పొలంలో పడిపోయిన మనిషిని సాయంత్రానికి దహనం చేసేసే ఇళ్లలో పోస్టుమార్టం అన్న మాటే ఎవరికీ తోచదు. గుండె ఆగి చనిపోయాడని రాసేస్తారు. ఎండ పేరు ఎక్కడా ఎక్కదు. 2010 మేలో అహ్మదాబాద్ వడగాల్పుకు అతలాకుతలమైనప్పుడు అక్కడ పరిశోధకులు చేసిన పని ఒకటుంది. వడదెబ్బ అని రాసిన చావులనే లెక్కపెట్టి ఊరుకోలేదు. మామూలు మే నెలల్లో ఆ నగరంలో ఎంతమంది చనిపోతారు, ఆ మేలో ఎంతమంది చనిపోయారు అని తీసి చూశారు. పదమూడు వందలకు పైగా ఎక్కువ తేలాయి. ఆ అంకె చేతికొచ్చాకే 2013లో దేశంలో మొదటి వడగాల్పుల కార్యాచరణ ప్రణాళిక అక్కడ తయారైంది. సాధారణంతో పోల్చడమంటే ఇదీ. అంకె వెనక మనిషిని వెతికిన పోలిక. మన మండలాలకూ అలా తీసి చూడాలి.

బాపు వడ్లు చివరికి జూన్ మొదటి వారంలో కాంటా అయ్యాయి. వానలు ఆగిపోవడమే కారణం. మే 29 తరవాత రుతుపవనాలు ఉన్నచోటే నిలబడిపోయాయి. రెండు వారాలకు పైగా కదల్లేదు. రోహిణిలో తడిపిన ఆకాశం మృగశిరకు మొహం చాటేసింది. నాలుగు రోజులు చురుక్కుమనే ఎండ కాసింది. కేంద్రంలో అందరూ పట్టాలు తీసి, కుప్పలు విరిచి, కాళ్లతో చాళ్లు తీస్తూ వడ్లు తిరగేశారు. మొలకలు ఎండి రాలిపోయాయి. హమాలీలు జాలీ పట్టి, సంచులు నింపి, సుతిలితో కుట్టారు. మొలక వచ్చినవని బస్తాకు ఇంత అని తరుగు తీశారు. బాపు ఒప్పుకున్నాడు.

ఊళ్లో చాలామంది అప్పటికే పత్తి గింజ వేసేశారు. మేలోనే నేల తడిసింది, రుతుపవనాలు వచ్చేశాయని వార్తల్లో చెప్పారు, ఇంక ఆగడం దేనికని అచ్చు తోలి విత్తుకున్నారు. బరువు నేలలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి, నేల లోపలి దాకా పదునైతేనే పత్తి పెట్టమని శాస్త్రవేత్తలు ఏటా చెబుతారు. మేలో పడ్డ తడి మీద పెట్టిన గింజ మొలిచింది, రెండాకులు వేసింది, వాన లేక వాడింది. కొందరు బిందెలతో నీళ్లు మోసి మొక్క మొక్కకూ పోశారు.

మృగశిర నాడు నేను మళ్లీ ఊరికి వెళ్లాను. వాడకట్టంతా చేపల పులుసు వాసన. బాపు నన్ను చేనుకు తీసుకుపోయాడు. మడమతో పెళ్ల పగలగొట్టి, కింది మట్టి గుప్పిట్లోకి తీసుకుని గట్టిగా పిసికాడు. పదునుంటే ముద్ద నిలుస్తుంది. వేళ్లు తెరిచేసరికి మట్టి పొడిపొడిగా జారిపోయింది. పడమరకు చూశాడు. దూదిపింజల్లాంటి మబ్బులు నాలుగు, గాలికి కొట్టుకుపోతున్నాయి.

ఇంటికి వచ్చాక పత్తి గింజల ప్యాకెట్లున్న సంచి మూతి మళ్లీ బిగించి కట్టి, ఎలకలు అందుకోకుండా దూలానికి వేలాడదీశాడు.